కొనేవాళ్ళ తరఫున చూసిన బండి

నేను బళ్ళు చూసేవాణ్ణి. అమ్మేవాళ్ళ కోసం కాదు, కొనేవాళ్ళ తరఫున. అరకు నుంచి హుకుంపేట వెళ్ళే రోడ్డు పక్కన మా బావకు ఒక రేకుల షెడ్డు ఉండేది. అక్కను పెళ్ళి చేసుకుని ఆయన కొండ మీదికి వచ్చి స్థిరపడ్డాడు. పదో తరగతి తప్పిన ఏడాది నేనూ వాళ్ళ వెనకే వచ్చి ఆ షెడ్డులో చేరిపోయాను. పని నేర్పింది బావే. నట్టు ఎంతవరకు బిగించాలో, ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలనేవాడు. అంతకు మించి పెద్ద పాఠాలేమీ చెప్పలేదు.

అప్పట్లో కొండల్లో తిరిగేవన్నీ జీపులే. పదిమంది పట్టే జీపులో పాతికమంది ఎక్కి సంతకు వచ్చేవారు. తొంభైల మధ్యలో పికప్‌లు రావడం మొదలైంది. ముందు చిన్న క్యాబిన్, వెనక తెరిచిన బాడీ, కింద లారీకి ఉన్నట్టే నిచ్చెన లాంటి ఇనప చట్రం, దానికి బరువు ఆపే కమాను కట్టలు. లారీ ఎక్కలేని దారుల్లోకి ఎక్కుతుంది, జీపు మోయలేని బరువు మోస్తుంది. కాఫీ, అల్లం, రాజ్‌మా పండించేవాళ్ళకు దాని మీద ఆశ పుట్టింది. కొత్తది కొనే శక్తి లేదు కాబట్టి కింద మైదానంలో వాడేసిన బళ్ళ కోసం వెతికేవారు. కొనడానికి వెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు మా షెడ్డు దగ్గర ఆగేవారు.

"బాబూ, ఓపాలి వొచ్చి సూసి సెప్పండి."

మొదట్లో బావ వెళ్ళేవాడు. ఆయనకు నడుం నొప్పి మొదలయ్యాక నన్ను పంపడం అలవాటైంది. నాకు చెవి బాగుండేది. ఇంజను తిరుగుతుంటే ఏ బేరింగు అరుస్తోందో, ఏ వాల్వు వదులైందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. అలా చెప్పడం నాకు గర్వంగా కూడా ఉండేది. కానీ కొనేవాళ్ళకు ఆ వివరాలేమీ అక్కర్లేదు. చివర్లో ఒక్క మాట కావాలి. నేను బండి చుట్టూ తిరిగి, కింద దూరి, నడిపి చూసి, చేతులు తుడుచుకుంటూ "బాగుంది" అంటే కొనేసేవారు. "వొద్దు" అంటే వచ్చేసేవారు. అలా ఐదారేళ్ళు ఆ ఒక్క మాట చెబుతూ తిరిగాను.

ఒక వేసవిలో మా షెడ్డుకు రెండు ఇళ్ళ అవతల ఉండే ఆయన పాత జీపు కొన్నాడు. నేనే చూశాను. ఇంజను మంచిది, గేర్లు మంచివి. ముందువైపు నీళ్ళ పంపు దగ్గర మాత్రం ఒక సన్నని కూత వినిపించింది. అది పంపు బేరింగు. ఇంకో ఏడాది లాగుతుందిలే అనుకున్నాను. కొనేవాడికి ఆ సంగతి చెప్పలేదు. దాయాలని కాదు. చెప్పాల్సినంత పెద్ద సంగతి కాదనిపించింది. "బాగుంది" అన్నాను. ఆయన కొనుక్కున్నాడు.

ఆ వానాకాలంలో బావకు జ్వరం వచ్చింది. కొండల్లో వానాకాలం జ్వరం మామూలే కాబట్టి రెండు రోజులు మాత్రలతో గడిపాం. మూడో రోజు పొద్దున ఆయన అక్కను గుర్తు పట్టలేదు. మలేరియా మెదడుకు ఎక్కిందని, బేగి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని ఇక్కడి డాక్టరు చెప్పాడు. దగ్గరలో దొరికింది ఆ జీపే. నేను నడిపాను. వెనక సీట్లో బావ తల ఒళ్ళో పెట్టుకుని అక్క కూర్చుంది.

అనంతగిరి దాటి ఘాట్ దిగుతుండగా ముందు నుంచి గరగరమని చప్పుడు మొదలైంది. ఆపేలోపే ఫ్యాను వంగి రేడియేటర్‌లోకి కొట్టింది. ఆవిరి లేచి అద్దమంతా కమ్మేసింది. బానెట్ ఎత్తి చూశాను. పంపు బేరింగు పొడి అయిపోయింది. చేతిలో స్పానర్ ఉంది. దానితో చెయ్యగలిగింది ఏమీ లేదు. వాన పడుతోంది. పొగమంచులో పది అడుగుల దూరం కనబడటం లేదు. రెండు గంటలు గడిచాయో, ఇంకా ఎక్కువో. తర్వాత ఒక లారీలో ఎక్కించాం. మర్నాడు మధ్యాహ్నం లోపే బావ పోయాడు.

ఆసుపత్రి వరండాలో నేను డాక్టరును ఒకటే అడిగాను. రెండు గంటల ముందు తెచ్చి ఉంటే బతికేవాడా అని. ఆయన "అది చెప్పలేమయ్యా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు ఆయన. నిజం ఆయనకూ తెలియదు.

నాకు ఏడుపు రాలేదు. దహనం అయ్యాక అయినా వస్తుందనుకున్నాను. పదకొండో రోజుకు వస్తుందనుకున్నాను. రాలేదు. బావ పనిముట్లు తుడిచి గోడకు తగిలించి షెడ్డు తెరిచాను. వచ్చిన బండి బాగు చేసేవాణ్ణి, సాయంత్రానికి చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళేవాణ్ణి. ఒకసారి వెల్డింగ్ చేస్తుంటే నిప్పురవ్వ చొక్కాలో పడి చర్మం కాలింది. వాసన వస్తే గాని నాకు తెలియలేదు. అక్క ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరింది. తెల్లారి వెళ్ళి చీకటి పడే వేళకు వచ్చేది. మేమిద్దరం ఉప్పు గురించీ, కిరోసిన్ గురించీ మాట్లాడుకునేవాళ్ళం. పంపు సంగతి ఆమెకు చెప్పలేదు. జీపు చెడిపోయిందనే ఆమెకు తెలుసు. ఎందుకు చెడిపోయిందో, అది నాకు ముందే వినిపించిందో లేదో ఆమె అడగలేదు.

బళ్ళు చూడటం మాత్రం మానేశాను. ఎవరైనా వస్తే షెడ్డు వదిలి రాలేనని చెప్పి పంపేసేవాణ్ణి. ఏడాదిన్నర అలా గడిచింది.

ఒక శుక్రవారం సంతరోజున ఒక ఆవిడ వచ్చింది. నలభై ఏళ్ళ పైన ఉంటాయి. ముక్కుకు మూడు పుడకలు, మోకాళ్ళ కిందికి కట్టిన చీర, చేతిలో గొడుగు. హుకుంపేట పైన కొండల్లో ఊరు. వాళ్ళ ఊరి ఆడవాళ్ళ పొదుపు సంఘానికి ఆవిడే పెద్ద. వెంట ఆవిడ మరిది ఉన్నాడు. అతను కొన్నేళ్ళు జీపు నడిపినవాడు, చదువుకున్నవాడు. సంఘం పేరున పికప్ కొనుక్కోవడానికి బ్యాంకు వాళ్ళు ఒప్పుకున్నారని, పార్వతీపురంలో ఒక బండి ఉందని అతనే చెప్పాడు.

"నాను రాను. ఇంకో మేస్త్రీని సూసుకోండి" అన్నాను.

ఆవిడ వెళ్ళలేదు. షెడ్డు ముందున్న పాత టైరు మీద కూర్చుంది. నేను ఒక ట్రాక్టర్ చక్రం విప్పుతున్నాను. విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించాను. ఆవిడ అక్కడే ఉంది.

"ఎందుకమ్మా కూకున్నావు?"

"నువ్వు రాను అన్నావు. ఎందుకు రావో సెప్పనేదు."

నేను స్పానర్లు తుడవడం మొదలుపెట్టాను. ఆవిడే చెప్పింది. పోయిన వానల్లో వాళ్ళ ఊరి పడుచు ఒకతికి నొప్పులొస్తే డోలీ కట్టి మోసుకొచ్చారట. దారిలో గెడ్డ, అంటే కొండవాగు, పొంగి ఉంది. ఒడ్డున ఆగాల్సి వచ్చింది.

"దారిలోనే కన్నాది. పిల్ల బతికింది. తల్లి నేదు" అంది. ఆ మాట సంతలో ధర చెప్పినట్టే మామూలుగా చెప్పింది. "గెడ్డ మీద ఇప్పుడు వంతెన ఏసినారు. బండి ఒక్కటుంటే సాలు."

అది విని నా లోపల ఏదైనా కదిలిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఏమీ కదల్లేదు. మళ్ళీ రానని చెప్పాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్పడం కన్నా వెళ్ళి రావడమే తేలికనిపించింది. "ఎప్పుడెల్లాల?" అన్నాను.

మార్చి నెల. కొండ మీద ఇంకా పొద్దున చలి ఉంది, కింద ఎండ ముదిరిపోయింది. ముందు రోజే బస్సుల్లో పడి వెళ్ళి, పార్వతీపురంలో వాళ్ళకు తెలిసినవాళ్ళ వసారాలో పడుకున్నాం. ఉదయం ఎనిమిది గంటలకు అమ్మే ఆయన గోడౌను దగ్గర ఉన్నాం. ఆయన ధాన్యం వ్యాపారి. పికప్ తెల్లగా కడిగి ఉంది. టైర్లకు నల్లరంగు పూశారు. బాడీ మీద ఇనప కమ్ములు వంచి నీలం టార్పాలిన్ కప్పారు.

నేను వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది.

"బండి తిప్పినారా?" అన్నాను.

"ఇప్పుడే కడిగించి తెచ్చినాంలెండి. స్టార్ట్ సెయ్యమంటారా?"

"వొద్దు. సల్లారనివ్వండి."

చల్లటి ఇంజను మొదటిసారి తిప్పినప్పుడే దాని అసలు సంగతి తెలుస్తుంది. వేడెక్కించి పెడితే ఏ ముసలి ఇంజనైనా తాళం ఒక్కసారి తిప్పగానే లేస్తుంది. అందుకే అమ్మేవాళ్ళలో చాలామంది మనం వచ్చేముందు ఒక చుట్టు తిప్పి పెడతారు. ఆయన మొహం చిట్లించాడు. మేం గోడ నీడలో కూర్చున్నాం. ఆవిడ స్టీలు క్యారేజీ విప్పి చోడి అంబలి ముగ్గురికీ పోసింది. పదకొండు దాటేవరకు అక్కడే ఉన్నాం.

తర్వాత మొదలుపెట్టాను. అంతకుముందు నేను ఒక బండిని అరగంటలో తేల్చేసేవాణ్ణి. ఆ రోజు మూడు గంటలు పట్టింది. శ్రద్ధ వల్ల అనుకోను. ఎక్కడ ఆపాలో తెలియక. తాళం మూడోసారి తిప్పితే చల్లటి ఇంజను లేచింది. మొదట తెల్లపొగ వచ్చి నిమిషంలో తేటపడింది. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే కొద్దిగా ఆవిరి ఊదుతోంది. అంటే లోపల పిస్టన్ రింగులు కాస్త అరిగాయి గాని, ఇంకా పని చేస్తాయి. రేడియేటర్ మూత విప్పి నీళ్ళలో నూనె తేలుతోందేమో చూశాను. తేలడం లేదు. గేర్లన్నీ పడుతున్నాయి, రెండోది మాత్రం పళ్ళు కొరికినట్టు పడుతోంది. ముందు చక్రాలు జాకీతో లేపి పట్టుకుని ఊపాను. ఎడమది కొంచెం ఆడింది.

కింద దూరితే చట్రానికి ఒకచోట నల్లరంగు కొత్తగా కనిపించింది. స్పానర్ కొసతో గీకాను. లోపల వెల్డింగ్ బయటపడింది. క్యాబిన్ వెనక చట్రం ఎడమ కమ్మీ ఎప్పుడో చీలితే పలక వేసి అతికారు.

"సావుకారూ, ఇది ఏటి?"

"ఘాట్‌లో తిరిగిన బండికి ఒక అతుకైనా ఉండదేటి బాబూ? ఇలాటివి ఎంత మంది కొననేదు?"

ఒక తాడు తెప్పించాను. ముందు ఎడమ కమాను కట్ట దగ్గర నుంచి వెనక కుడి కట్ట వరకు కొలిచాను. తర్వాత ముందు కుడి నుంచి వెనక ఎడమకు కొలిచాను. రెండూ సరిపోయాయి. చట్రం వంకర పోలేదు. అతుకు శుభ్రంగా ఉంది. అయినా అది అతుకే.

ఖాళీ బండి నడిపితే ఏం తెలుస్తుంది, బరువు వేసి ఘాట్ ఎక్కించాలి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అప్పటిదాకా నోరు విప్పని ఆవిడ లేచి గొడుగు చంకలో పెట్టుకుంది. "అయితే మేం ఎల్తాం" అంది. అంతే. ఆయన పది బస్తాల ధాన్యం వేయించి, తన మనిషిని ఒకణ్ణి వెనక ఎక్కించి పంపించాడు.

సాలూరు దాటాక ఒరిస్సా వైపు ఎక్కే ఘాట్ ఉంది. నేను స్టీరింగ్ దగ్గర, పక్కన ఆవిడ, ఆ చివర మరిది. ఎండకు కొండ మీద గడ్డి ఎర్రబడింది. దించిన అద్దంలోంచి ఇప్పపూల వాసన వస్తోంది. రెండో గేరులో ఎక్కుతున్నాం. బండి లాగుతోంది. వేడి ముల్లు సగం దాటి అక్కడే నిలబడింది. మూడు మలుపులు ఎక్కి ఆపాను. దిగి బానెట్ ఎత్తి నీళ్ళ పంపు మీద చెయ్యి పెట్టాను. ఎక్కి మళ్ళీ మూడు మలుపులు. మళ్ళీ ఆపాను. నాలుగోసారి ఆపినప్పుడు ఆవిడ కూడా దిగింది.

"ఆ పంపుకేటైనాది?"

"ఏటీ కానేదు."

"మరెందుకు ఊరికే సూత్తన్నావు?"

"సూడాల" అన్నాను.

పైన బండి తిప్పుకుని దిగాం. దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచి, ఇంజను మీద బండిని పట్టుకుంటూ వచ్చాను. తర్వాత కావాలని బ్రేకు మీద భారం వేశాను. సగం దిగేసరికి కాలిన వాసన వచ్చింది. బ్రేకు వేసినప్పుడల్లా బండి కుడి పక్కకు లాగుతోంది. బ్రేకు లైనింగులు అరిగిపోయాయి. ఒక మలుపులో, పనసకాయలు అమ్ముతున్న పాక దగ్గర ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టాను. వ్యాపారి మనిషి పాక నీడకు వెళ్ళాడు.

"సెప్పు బాబూ, బాగుందా?" అంది ఆవిడ.

నోరు తెరిచాను.  బాగుంది అని రాలేదు, బాగోలేదు అనీ రాలేదు. బ్రేకు లైనింగులు వెయ్యాలి అన్నాను. రెండో గేరు అన్నాను. అతుకు అన్నాను.

"అవి ఇన్నాం. బండి బాగుందా నేదా?"

"నాకు తెల్దు."

మరిది నవ్వబోయి ఆగాడు. "నువ్వు మేస్త్రీవి కదా" అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఎందుకు ఆవిడకే చెప్పానో తెలియదు. బహుశా ఆవిడ ఎవరో నాకు తెలియదు కాబట్టి. ఒక జీపు చూశానని, పంపులో కూత వినిపించిందని, ఏడాది లాగుతుందని అనుకున్నానని, అది ఐదు నెలలకే ఘాట్‌లో పోయిందని, లోపల మా బావ ఉన్నాడని. ఐదారు మాటల్లో అయిపోయింది. ఇంతకాలం లోపల పెట్టుకున్నది అంత చిన్నదా అని ఆశ్చర్యం వేసింది. 

ఆవిడ అయ్యో అనలేదు. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని అడిగింది.

"ఆ జీపు కొన్నోడు నిన్నేటి అడిగినాడు?"

"బాగుందా అని."

"నువ్వు ఇన్న కూత ఆడికి సెప్పనేదా?"

"నేదు."

"అది తప్పే" అంది. ఏడాదిన్నరలో ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆవిడే. "మాకు అలాగ సెయ్యకు. నువ్వు ఇన్నవి, సూసినవి అన్నీ సెప్పు. సిన్నదైనా సెప్పు. బాగుందో నేదో మేం అనుకుంటాం. బండి మాది కదా."

మరిది సంచిలోంచి స్కూలు నోటుబుక్కు తీశాడు. నేను ఒక్కొక్కటే చెబుతుంటే రాశాడు. ఆవిడ ప్రతిదానికీ రెండు ప్రశ్నలు వేసింది. అది దారిలో పోతే ఏమవుతుంది? పోయే ముందు మాకెలా తెలుస్తుంది? చక్రం బేరింగు పోయే ముందు మూలుగుతుంది. అతుకు విడిపోయే ముందు దాని పక్కన వెంట్రుకంత చీలిక, తుప్పు గీత కనిపిస్తాయి. రింగులు అరిగితే ఆయిల్ తాగుతుంది, పొగ నీలంగా వస్తుంది. నాకు తెలిసినవే అన్నీ. కానీ ఎవరికైనా ఇలా విప్పి చెప్పడం అదే మొదలు. పంపు దగ్గరికి వచ్చేసరికి, "ఇప్పుడేటీ నేదు. కూత ఇనిపిత్తే ఆ రోజే మార్చాల" అన్నాను. మరిది అదీ రాశాడు. మొత్తం పదమూడు అయ్యాయి.

వాళ్ళిద్దరూ తమ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో బ్రేకు, గేరు అన్న మాటలు మాత్రం నాకు అందాయి. పాకలో మనిషి పనసకాయ కోస్తున్నాడు. నాకు ఏ ఆత్రమూ లేదు. వాళ్ళు ఏమన్నా సరేననిపించింది.

"కొంటాం" అంది ఆవిడ చివరికి. "బ్రేకులు ఆడే ఏయించి ఇయ్యాల. నేకపోతే వొద్దు."

వ్యాపారి గొణిగాడు గాని లైనింగులు వేయించాడు. నేను పక్కన నిలబడి వేయించాను. రెండు రోజుల తర్వాత ఆ పికప్‌లోనే, మరిది నడుపుతుంటే, అరకు వచ్చాం.

ఆ సాయంత్రం అక్క హాస్టల్ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చేటలో బియ్యం పోసుకుని కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి చెప్పాను. ఘాట్‌లో చెప్పిన మాటలే, అదే వరసలో. ఆమె రాళ్ళు ఏరుతూ విన్నది. అయిపోయాక చెయ్యి ఆగింది.

"నీకు ముందే తెల్సా?" అంది.

"వినిపించింది. ఇంత బేగి పోతాదనుకోలేదు."

"ఇంతకాలం ఎందుకు సెప్పలేదు?"

 ఆమె మళ్ళీ బియ్యం ఏరింది. అన్నం వండింది. నాకు వడ్డించింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. వానలు మొదలయ్యే దాకా, దాదాపు మూడు నెలలు. కంచం పెట్టేది, బట్టలు ఉతికేది, ఇంట్లో కిరోసిన్ అయిపోతే ఖాళీ డబ్బా గుమ్మంలో పెట్టేది. నేను నింపి తెచ్చేవాణ్ణి. ఆమెకు కోపం ఉండటం న్యాయమేననిపించేది. అంతకు మించి ఏమీ అనిపించేది కాదు.

జూన్ చివర్లో ఒక ఆదివారం పెద్ద వాన పడింది. షెడ్డు కప్పు కారుతుంటే రేకు మీద తారు పట్టీ వేసి దిగాను. ఇంట్లోకి రాగానే ఆమె తువ్వాలు అందించి, మూడు నెలల విరామమే లేనట్టు మాట్లాడింది.

"ఆ రోజు ఘాట్‌లో మూడు లారీలు ఆపకుండా ఎల్లిపోయినాయి. గుర్తుందా?"

లేదన్నాను. నాకు గుర్తున్నది ఒకే లారీ. అది వచ్చింది, ఎక్కాం.

"నాలుగోదానికి నువ్వు రోడ్డుకడ్డంగా పడుకున్నావురా. ఆ మంచులో నువ్వు కనబడతావో నేదో అని నాను జీపులోంచి కేకలేసినాను. నీకు ఇంత దూరంలో ఆగింది" అని చేత్తో నేల మీద చూపించింది. మూరెడు కూడా లేదు. "లారీ వాడు దిగి నిన్ను కొట్టినాడు. అదీ గుర్తు నేదా?"

లేదు. ఇప్పటికీ లేదు. ఎంత తవ్వినా వాన, స్పానర్, ఆవిరి తప్ప ఇంకేమీ దొరకదు. ఆమె నన్ను క్షమించానని చెప్పలేదు. ఆ మాట ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. "తల తుడుసుకో, జలుబు సేత్తాది" అని లోపలికి వెళ్ళింది. నేను తువ్వాలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. తల తుడుచుకుని తువ్వాలు దండెం మీద ఆరేశాను.

తర్వాత మళ్ళీ బళ్ళు చూడటం మొదలుపెట్టాను. ఒక్క మాట చెప్పడం మాత్రం మానేశాను. కనిపించినవన్నీ వరసగా చెప్పి, మీరే అనుకోండి అనేవాణ్ణి. చాలామందికి అది నచ్చలేదు. ఇంత దూరం తీసుకొచ్చింది ఇందుకా అని ఒకాయన మొహం మీదే అన్నాడు. కొందరు వేరే మేస్త్రీల దగ్గరికి వెళ్ళారు. ఉన్నవాళ్ళు ఉన్నారు.

ఆ పికప్‌ను ఆ ఊరివాళ్ళు ఎనిమిదేళ్ళు నడిపారు. మరిది నెలకోసారి షెడ్డుకు తెచ్చేవాడు. కాఫీ, అల్లం, పిల్లల పుస్తకాలు, చర్చి బెంచీలు, పెళ్ళివారు, జ్వరాలు, పురిటి నొప్పులు, అన్నీ అందులో దిగాయి. అందులో ఎక్కినవాళ్ళంతా బతికారని చెప్పలేను. ఇద్దరు ముగ్గురు ఆసుపత్రిలో పోయారు. దారిలో మాత్రం బండి ఎప్పుడూ నిలవలేదు. రెండో గేరు పూర్తిగా పోయింది, మార్చాను. ఎడమ చక్రం మూలుగుతోందని మరిదే పట్టుకొచ్చాడు, బేరింగు వేశాను. అతుకు పక్కన చీలిక వచ్చిందని ఆవిడే ఒకసారి సంతకు వచ్చి చెప్పింది. బండి కింద వంగి తనే చూసిందట.

ఎనిమిదో ఏడు దాన్ని ఒక ఇటుకల బట్టీ ఆయనకు అమ్మేసి, సంఘం వాళ్ళు కొత్తది కొనాలనుకున్నారు. నన్ను రమ్మన్నారు. కొత్త బండికి నేనెందుకు, కంపెనీ వాళ్ళు చూసే ఇస్తారు కదా అన్నాను.

"కొత్తదైనా మనిసి సేసిందే కదా. సూడాల" అంది ఆవిడ. అప్పటికి ఆవిడ జుట్టు సగం నెరిసింది.

విశాఖపట్నంలో షోరూముకు వెళ్ళాం. అక్క కూడా వచ్చింది, హాస్టల్ సెలవులు. టై కట్టుకున్న అబ్బాయిలు నేను బానెట్ ఎత్తించి అన్నీ తడిమి చూస్తుంటే ఒకరినొకరు చూసుకుని నవ్వారు. స్పేర్ టైరులో గాలి తక్కువ, ఒక తలుపు సరిగ్గా పడటం లేదు, ఒక నట్టు బిగించలేదు. మూడూ చెప్పాను. మూడూ సరిచేసి ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు ముందు నా పక్కన అక్క, సంఘం ఆవిడ కూర్చున్నారు, మరిది వెనక బాడీలో ఎక్కాడు. ఆడవాళ్ళిద్దరూ దారంతా మాట్లాడుకున్నారు. హాస్టల్లో పప్పు ఎంత పడుతుంది, కొండ మీద కందులు ఈసారి ఎలా ఉన్నాయి, అలాంటివి. శృంగవరపుకోట దాటి, ఆనాడు బావను తీసుకెళ్తుండగా జీపు ఆగిపోయిన ఆ ఘాటే మొదలయ్యేదాకా నేను నడిపాను. అక్కడ టీ తాగడానికి ఆపాం. తర్వాత స్టీరింగ్ మరిదికి ఇచ్చి నేను వెనక బాడీలోకి ఎక్కాను. ఎండ తగ్గింది. కొత్త రంగు వాసన వేస్తోంది. పట్టుకోవడానికి కమ్మీ ఇంకా వేయించలేదు కాబట్టి, మలుపు వచ్చినప్పుడల్లా క్యాబిన్ అంచును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.